తీరాంధ్రమున తుఫాను హెచ్చరికలు : ఒక చారిత్రక పరిశీలనము

తుఫాను అను మాటను తెలుగువారందరును వాడుదురు. కాని అది అందరికిని ఒకే అర్థము నీయదు. సముద్రమునకు వందల కిలోమీటర్ల దూరమున, మంజీరా పరీవాహక ప్రాంతమున నున్న నారాయణఖేడ్ వంటి సీమలో తుఫానన్నచో ముసురు పట్టుట, చెరువు నిండుట, వాగు పొంగి దారి తెగుట. 2020 అక్టోబరు 13న కాకినాడ చెంత తీరము దాటిన వాయుగుండము తెలంగాణము మీదుగా పడమరకు సాగుచు హైదరాబాదు నగరమున ఎన్నో పేటలను ముంచినది. మెట్టసీమ యెరిగిన తుఫాను ఇట్టిది. కృష్ణా గోదావరీ ముఖములందు వసించువానికి అదే మాట చెవినబడినపుడు మొదట తలపునకు వచ్చునది ఉప్పెన.

రానున్న తుఫానును ముందుగా తెలిసికొనుటకును, తెలిసిన దానిని తీరవాసులకు చేర్చుటకును జరిగిన ప్రయత్నముల చరిత్రను సంగ్రహముగా పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. తుఫానును గూర్చిన జ్ఞానము త్వరగనే పెరిగినది. అది తీరమందలి గుడిసెకు చేరుటకు చాల కాలము పట్టినది. చేరిన పిదప తలదాచుకొను చోటు లేనియెడల అది ప్రాణములను కాపాడలేకపోయినది. ఈ మూడంశములును ఈ చరిత్రవలన స్పష్టమగుచున్నవి.

శబ్ద విచారము

గాలివాన అనునది తెలుగు సమాసము. గాలియు వానయు కలిసివచ్చు ఉపద్రవమును చెప్పును. పాలగుమ్మి పద్మరాజు కథకు 1952లో అంతర్జాతీయ కథానికల పోటీలో ద్వితీయ బహుమతి లభించుటతో ఈ మాట తెలుగునాటి వెలుపల కూడ వినబడినది. తుఫాను అరబ్బీ పారసీకముల మార్గమున మనకు వచ్చినది. వాయుగుండము వాతావరణ ప్రకటనలకై వ్యాప్తిలోనికి వచ్చిన మాట. ఉప్పెన యన్ననో వీనికన్నిటికిని భిన్నము. అది సముద్రము నేలమీదికి పొంగివచ్చుట.

తీరమున అధిక ప్రాణనష్టమునకు కారణము ఉప్పెనయే. బలమైన గాలి నీటిని ఒడ్డునకు నెట్టును; లోతు తక్కువయైన తీరసముద్రమున ఆ నీరు అడుగునకు పోజాలక పైకి లేచును; పల్లపు డెల్టాభూమిపై దానిని నిలువరించు మిట్టలు లేవు. మన తూర్పు తీరమునకు వచ్చు తుఫానుల గాలి, కేంద్రము తీరము దాటిన చోటికి ఉత్తరపు వైపున సముద్రమునుండి నేలకు వీచును. కావున తుఫాను ఒక ఊర తీరము దాటగా, ఉప్పెన దానికి ఉత్తరముననున్న వేరొక సీమను ముంచును. ఈ విషయము ముందు మరల ప్రసక్తమగును.

కోరంగి నుండి మచిలీపట్టణము వరకు

గోదావరీ ముఖమందలి కోరంగి ఓడల నిర్మాణమునకు ప్రసిద్ధమైన రేవు. బర్మాలో తెలుగువారిని కోరంగీలని పిలుచుట ఆ రేవు ప్రాముఖ్యమునకు నిదర్శనము. 1789 డిసెంబరులో మూడు మహాతరంగములు వరుసగా వచ్చి ఈ పట్టణమును ముంచినవి. 1839 నవంబరులో మరల ఉప్పెన వచ్చినది. ఆ పిదప కోరంగి పూర్వ వైభవమును పొందలేదు.

కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్ బంగాళాఖాతపు గాలివానలను గూర్చి ఓడల దినచర్య పుస్తకములనుండి వివరములు సేకరించి, గాలి కేంద్రముచుట్టు సుడిగా తిరుగునను సంగతిని నావికులకు బోధించెను. పాము చుట్టను స్ఫురింపజేయు గ్రీకు పదమునుండి సైక్లోను అను పేరు కల్పించినవాడు ఆయనయే. 1848లో వెలువడిన ఆయన గ్రంథము నావికుల కొఱకు వ్రాయబడినది. తుఫాను శాస్త్రము ఆదినుండియు ఓడను దృష్టియందుంచుకొని పెరిగినదను సంగతి గమనింపదగినది.

1864 ఈ చరిత్రలో ముఖ్యమైన వత్సరము. అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న మచిలీపట్టణమును తుఫానులు నాశనము చేసినవి. మచిలీపట్టణమున రాత్రివేళ వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. మరుసటి సంవత్సరమున, అనగా 1865లో, కలకత్తా రేవునకు తుఫాను హెచ్చరికల ఏర్పాటు జరిగినది. 1875లో భారత వాతావరణ శాఖ స్థాపితమైనది. కాని దేశమందలి రేవులన్నిటికిని హెచ్చరికలు విస్తరించుటకు 1886 వరకు పట్టినది. ఒకే ఋతువున దెబ్బతిన్న రెండు రేవులలో వర్తకము హెచ్చుగాగల రేవునకే ముందుగా రక్షణ లభించినది.

రేవు సూచికలు - జాలరుల ఎరుక

రేవులలో ఎగురవేయు ప్రమాద సూచికలు ఒకటి మొదలు పదునొకండు వరకు గలవు. పగటివేళ శంకువులు, పీపాల ఆకారములు. రాత్రివేళ ఎఱ్ఱని, తెల్లని దీపములు. మొదటి రెండును దూరమున తుఫాను కలదని చెప్పును. ఎనిమిది మొదలు పది వరకు మహాప్రమాదమును తెలుపును. పదునొకండవది హెచ్చరిక కేంద్రముతో సంబంధమే తెగిపోయినదని చెప్పును. పదవ నెంబరు హెచ్చరిక యను మాట నేడు పత్రికల మూలమున ప్రతి ఇంటికిని పరిచితము. అయినను ఈ భాష ఓడ యజమానికి ఏర్పడినది. సూచికను చూచిన ఓడ లంగరెత్తి బయటి సముద్రమునకు పోగలదు. రేవు చెంత గుడిసె వేసికొన్నవాడు దానిని చూచి ఏమి చేయవలెనో ఆ శంకువు చెప్పదు.

జాలరులకు తమదైన ఎరుక లేకపోలేదు. గాలి లేని దినమున దీర్ఘమైన అలలు తీరమునకు వచ్చుట, అలవాటైన దిక్కు విడిచి గాలి వేరొక దిక్కునుండి వీచుట, పాటుపోటులు వేళ తప్పుట మున్నగు గుర్తులనుబట్టి వారు సముద్రపు తీరును గ్రహింతురు. తుఫానుకంటె దాని అలలు ముందుగా వచ్చుట శాస్త్రసమ్మతమే. అయితే ఈ గుర్తులు కలత కలదని చెప్పును. అది ఏ వేళకు ఎచ్చట తీరము చేరునో, నీరెంత లేచునో చెప్పజాలవు.

దివిసీమ - 1977

1970లో విశాఖపట్టణమున తుఫానులను కనిపెట్టు రాడారు నెలకొల్పబడినది. 1974లో అచ్చటనే తుఫాను హెచ్చరిక కేంద్రము ఏర్పడినది. విజయవాడ ఆకాశవాణి 1948 నుండియు ప్రసారములు చేయుచుండెను. అనగా 1977 నాటికి ఎరుకయు, దానిని వ్యాపింపజేయు సాధనమును రెండును ఉన్నవి. అయినను ఆ సంవత్సరము నవంబరు 19న దివిసీమలో జరిగినది మచిలీపట్టణపు విపత్తును జ్ఞప్తికి దెచ్చునదియే.

తుఫాను చీరాల చెంత తీరము దాటినది. దానికి ఈశాన్యమున, కృష్ణ రెండు పాయల నడుమనున్న దివిసీమపై సుమారు అయిదు మీటర్ల ఉప్పెన విరుచుకుపడినది. నాగాయలంక, కోడూరు ప్రాంతములందలి పల్లెలు తుడిచిపెట్టుకుపోయినవి. అధికారిక గణనము ప్రకారమే మృతులు దాదాపు 10,000. మరణము మరింత హెచ్చని తీరవాసుల నమ్మకము.

హెచ్చరికలు వెలువడకపోలేదు. కాని తుఫాను ఎచ్చట తీరము దాటునను వార్త, ఉప్పెన ఎచ్చట లేచునను వార్తకు సమానము కాదు. వినినవానికి తుఫానన్నచో గాలివానయని తోచినచో, అతడు తలుపు బిగించుకొని ఇంటనే యుండును. ఆ ఇల్లు తాటాకు గుడిసె. కదలదలచినను చేరదగిన మేడ గాని మిట్ట గాని పెక్కు పల్లెలలో లేవు. కొరవడినది వార్త మాత్రమే కాదు, చోటు కూడ.

పిమ్మటి మార్పు

దివిసీమ తరువాత తీరమున ఉప్పెన నీటికి ఎత్తుగా గట్టి తుఫాను రక్షణ భవనములు నిర్మింపబడినవి. సాధారణ దినములలో పెక్కు చోట్ల అవియే బడులు. 1980 దశకమున ఇన్సాట్ ఉపగ్రహము ద్వారా తీరగ్రామములకు నేరుగా హెచ్చరికలు వినిపించు యంత్రములు వచ్చినవి. 1990 మే 9న దాదాపు అంతటి తీవ్రమైన తుఫాను కృష్ణా ముఖము చెంతనే తీరము దాటినది. ఈ మారు లక్షల జనమును ముందుగనే తరలించిరి. మృతులు వేయికి లోపు. ఆ సంఖ్య స్వల్పము కాదు. కాని 1977తో పోల్చినపుడు పదియవ వంతు. సముద్రము మారలేదు, నేల మారలేదు. మాటకు తోడుగా లారీయు, భవనమును, అన్నమును వచ్చినవి.

1996 నవంబరు 6 నాటి కోనసీమ తుఫాను మరియొక లోపమును చూపినది. భైరవపాలెము మున్నగు పల్లెల జాలరులు వందలకొలది సముద్రముపై చిక్కుకొనిరి. ఒడ్డున వినబడిన హెచ్చరిక రేడియో లేని నావకు చేరలేదు. 1999లో ఒడిశాను ముంచిన మహాతుఫాను పిమ్మట హెచ్చరికలు నాలుగు దశలుగా వెలువడుచున్నవి. 2004 నుండి మన సముద్రముల తుఫానులకు పేర్లు కూడ పెట్టుచున్నారు. పేరు గల తుఫానును జనులు సులభముగా జ్ఞాపకముంచుకొందురు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమును నేరుగా తాకినపుడు నగరము ఛిన్నాభిన్నమైనను, ముందుగా జనమును తరలించుటచే ప్రాణనష్టము పూర్వపు లెక్కలతో పోల్చరానంత తగ్గినది.

ఇక మిగిలిన ప్రశ్నలు రెండు. మొదటిది జీవనాధారమునకు సంబంధించినది. పడవను వలను ఒడ్డున విడిచి పొమ్మన్నపుడు జాలరి సంకోచించుట మూర్ఖత్వము కాదు. అవి పోయినచో ప్రాణము దక్కినను బ్రతుకుతెరువు దక్కదు. రెండవది భాషకు సంబంధించినది. మన శాఖలవారు పూనుకొనవలసినది. తీరపు పల్లెలలో గాలులకు, అలలకు, పాటుపోటులకు, నీరు పొంగు తీరులకు వాడు పదములను వృద్ధుల నోటినుండి సేకరించి, ఊరి పేరుతో అర్థముతో నిఘంటువున కెక్కింపవలెను. గాలి గంటకు ఇన్ని కిలోమీటర్లనుటకంటె, నీరు మీ ఊరి గుడి మెట్లను దాటునని వారి మాటలలో చెప్పినచో వినువాడు లేచి నడచును. అట్టి పదకోశము పండితుని బల్లపైననే గాక హెచ్చరిక వ్రాయు ఉద్యోగి చేతియందును ఉండవలెను.