బ్రేకు తీగ నుంచి బ్రేకాయిల్ దాకా

పట్టుగూళ్ళ మూట కట్టుకుని మా దిబ్బూరహళ్ళి నుంచి శిడ్లఘట్ట మార్కెట్టుకు పోయే బండ్లలో చాలావాటికి ఇప్పుడు ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉంది. మా తాత కాలంలో బ్రేకంటే ఒక ఇనుప తీగే. ఈ మార్పు ఎట్లా వచ్చిందో రాస్తాను.

తీగ బ్రేకు కాలంలో మన మైసూరుకు పెద్ద పేరు. 1961లో ఐడియల్ జావా కంపెనీ అక్కడ బండ్లు చేయడం మొదలుపెట్టింది. తర్వాత వాటికే ఎజ్డీ అని పేరు వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ బండి చక్రం నడుమ డ్రమ్ము, దానిలో రెండు షూలు. లివరు నొక్కితే తీగ లాగుతుంది, షూలు డ్రమ్ముకు ఒరుసుకుంటాయి. వదులైతే నట్టు తిప్పితే చాలు. తీగ పోగులు తెగుతుంటే కంటికే కనపడేది.

ద్రవంతో పనిచేసే బ్రేకుకు మూలం 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ సూత్రం. మన సైన్సు పుస్తకంలో ఉన్నదే: మూసిన పాత్రలో ద్రవాన్ని ఒకచోట ఒత్తితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పోతుంది. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఈ బ్రేకు పెట్టారు. 1969లో జపాను వాళ్ళ హోండా సీబీ 750 బండికి ముందు డిస్కు వచ్చింది. మనకు ఇంకా ఆలస్యం. 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350కి, జపాను అసలు బండిలో డిస్కు ఉన్నా, ఇక్కడ డ్రమ్మే బిగించారు. 1999లో హీరో హోండా సీబీజెడ్, ఆ వెనకే పల్సర్ వచ్చాక డిస్కు పల్లెల్లోనూ కనిపించసాగింది.

కొత్త బ్రేకు జబ్బు మాత్రం కంటికి కనపడదు. మనం బ్రేకాయిల్ అంటాం గానీ అది నూనె కాదు. గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. కొత్త డాట్ 4 రకం కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నీరు చేరితే 155 డిగ్రీలకే మరిగిపోవచ్చు. నంది కొండ మీద నుంచి బ్రేకు పట్టుకునే దిగితే డిస్కు బాగా కాగుతుంది. ద్రవం ఆవిరైతే ఆ ఆవిరి అణిగిపోతుంది, లివరు మెత్తగా హ్యాండిలు దాకా వచ్చేస్తుంది, బండి ఆగదు. పైపులోకి గాలి దూరినా అంతే. మూటతో పోయే మనిషికి ఇది ప్రాణం మీది మాట.

అందుకే గాలి తీయాలి. మా మామ ఇంటి ముందరే తీస్తాడు. చక్రం దగ్గరి నిప్పిలుకు సన్న గొట్టం తగిలించి, దాని కొన కొంచెం బ్రేకాయిల్ పోసిన సీసాలో ముంచుతాడు. నేను లివరు నొక్కి పట్టుకుంటాను. ఆయన నిప్పిలు వదులు చేస్తే బుడగలు వస్తాయి. ఆయన మళ్ళీ బిగించాకే నేను లివరు వదలాలి. ముందే వదిలితే గాలి తిరిగి లోపలికి పోతుంది. పైన డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉండాలి. బుడగలు ఆగి లివరు గట్టిపడేదాకా ఇదే పని. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్ళతో కడగాలి, లేకుంటే రంగు లేచిపోతుంది.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. దాని పెట్టెలో గాలి చేరితే కొన్ని బండ్లకు కంప్యూటరు తగిలించే తీయాలి. అట్లాంటి బండి వస్తే మా మామ స్పానరు పట్టడు, షోరూముకు పంపిస్తాడు.