మొద్దుబార్చే పూతమందులు, స్త్రీల దురద

స్త్రీల జననాంగాల దగ్గర పుట్టే దురదను మన వైద్యం చాలా పూర్వమే గుర్తించింది. చరకసంహిత చెప్పిన ఇరవై యోనివ్యాపత్తులలో, అంటే స్త్రీ జననాంగ రుగ్మతలలో, ‘అచరణ’కు ముఖ్య లక్షణం దురదే కాగా, శుభ్రత లోపించడం వల్ల పుట్టే జీవులు దానికి కారణమని ఆ గ్రంథం పేర్కొంది. కారణం జోలికి పోకుండా బాధను మాత్రం తెలియనీయని మందులు పంతొమ్మిదో శతాబ్దం చివర ఐరోపాలో రాసాగాయి. 1884లో కార్ల్ కోలర్ కంటి శస్త్రచికిత్సకు కొకైన్ పనికివస్తుందని చూపగా, 1890లో బెంజోకైన్, 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ చేతిలో లిడోకైన్ (మన ఆసుపత్రుల్లో లిగ్నోకైన్) తయారయ్యాయి. నరంలో సోడియం ప్రవేశించే ద్వారాలను మూసి కబురు మెదడుకు చేరకుండా ఆపడమే వీటి పని కనుక, దురద తెలియకపోయినా దాన్ని పుట్టించిన జబ్బు ఉన్నచోటనే ఉంటుంది.

ఈ మందులు పుట్టడం మొదలైన కాలంలోనే, 1883లో, గుంటూరు చేరిన లూథరన్ మిషన్ వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ 1898 నాటికి అక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిపించింది. పురుష వైద్యుడి ముందు నోరు విప్పలేని ఆడవారికి అది పెద్ద ఆసరా. ఆ బిడియం నేటికీ పోలేదు. డాక్టరుకు చెప్పడం కంటే మందుల షాపులో ఒక ట్యూబు అడగడమే తేలికని ఎందరో భావిస్తారు.

ఆ తేలికలోనే ప్రమాదం ఉంది. జననాంగాల సున్నితమైన పొర అరచేతి చర్మం కంటే మందును ఎక్కువగా పీల్చుకుంటుంది. బెంజోకైన్ కొందరిలో అలర్జీ రేపి దురదను మరింత పెంచుతుంది. అరుదుగా రక్తం ఆక్సిజన్‌ను సరిగా అందించలేని మెథెమోగ్లోబినీమియాకు దారితీస్తుంది; అప్పుడు పెదవులు, గోళ్లు నీలిరంగుకు తిరుగుతాయి. లిడోకైన్ 4 శాతం మించిన కొన్ని పూతమందుల గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024లో హెచ్చరించింది. మన దేశంలో అంతకంటే విస్తారమైన బెడద స్టిరాయిడ్ కలిసిన దురద క్రీములు. ఇవి తామరను అణచినట్టే అణచి లోలోపల పాకనిస్తాయి కనుకనే, 2018లో కేంద్రం 14 స్టిరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది.

ఈ బాధకు ఒంగోలు, గుంటూరు ప్రాంతాల్లో ప్రత్యేకమైన కారణం మరొకటుంది. మిరప కోతల్లో, తొడిమలు తీసే పనిలో ఉన్న ఆడవారి వేళ్లకు అంటుకునే కాప్సైసిన్ అనే ఘాటు పదార్థం నూనెలో కరుగుతుంది గాని నీటిలో దాదాపు కరగదు. అందువల్ల వట్టి నీళ్లతో కడిగిన చేయి తగిలినా ఆ భాగం మండిపోతుంది. మరుగుకు వెళ్లిన తర్వాతనే కాక, వెళ్లేముందు కూడా సబ్బుతో చేతులు రుద్ది కడుక్కోవడమే దీనికి సరైన జాగ్రత్త. తెల్లబట్టతో కూడిన దురదకు ఫంగస్, ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవి వంటివి కారణాలు కావచ్చు, మాటిమాటికీ వస్తుంటే మధుమేహం ఉందేమో చూడాలి. ముట్లుడిగిన వారిలో తెల్లమచ్చతో కూడిన దురద లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి కావచ్చు, దాన్ని వదిలేస్తే కొద్దిమందిలో క్యాన్సరుగా మారే అవకాశం ఉంది. వీటిలో ఏ ఒక్కటీ మొద్దుబార్చే మందుతో నయమయ్యేది కాదు.

ప్రభుత్వ ఆసుపత్రుల సురక్ష క్లినిక్‌లలో తెల్లబట్టకు సెక్నిడజోల్, ఫ్లూకొనజోల్ మాత్రలున్న ఆకుపచ్చ కిట్‌ను ఉచితంగా ఇస్తారు. దురద వారం దాటినా, పుండు, తెల్లమచ్చ కనిపించినా, గర్భంతో ఉన్నా, ట్యూబు కొనకముందే అక్కడో, స్త్రీవైద్య నిపుణురాలి దగ్గరో చూపించుకోవాలి.