ఎదురుకాల్పుల కేసులో నిందితుడెవరు?

1970ల తొలినాళ్లలో శ్రీశ్రీ అధ్యక్షుడుగా మొదలైన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం చరిత్రను సభలు, కరపత్రాలు, నిజనిర్ధారణ నివేదికల చరిత్రగా చెప్పడం పరిపాటి. అయితే ఆ సంఘమూ, దాని వెంట నడిచిన న్యాయవాదులూ కోర్టుల్లో సాగించిన పోరాటంలో ప్రధాన భాగం ఎఫ్‌ఐఆర్ మీద, అంటే నేరసమాచారం అందగానే పోలీసు స్టేషనులో నమోదయ్యే తొలి నివేదికలో నిందితుడిగా ఎవరిని చూపాలన్న ప్రశ్న మీద నడిచింది.

ఎదురుకాల్పుల్లో మనిషి చనిపోతే, మృతుడే తమపై హత్యాయత్నం చేశాడని పోలీసులు శిక్షాస్మృతి 307వ సెక్షను కింద అతని మీద కేసు పెట్టి, నిందితుడు మరణించాడు గనుక విచారణ అవసరం లేదంటూ దాన్ని మూసేసేవారు. రెవెన్యూ అధికారి జరిపే మెజిస్టీరియల్ విచారణ ఒకటి ఉండేది గాని, అది సర్కారు తన్ను తాను ప్రశ్నించుకోవడమే. కాల్చినవారిది ఆత్మరక్షణే కావచ్చు, కానీ అది హత్యాభియోగానికి కోర్టులో రుజువు చేసుకోవలసిన సమాధానమే తప్ప అభియోగాన్నే పుట్టనివ్వని అడ్డుగోడ కాదని హక్కుల సంఘాలు వాదించాయి.

ఈ వాదనకు పునాది ఎమర్జెన్సీ కాలంలో పడింది. 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో పోలీసు కాల్పుల్లో మరణించిన నలుగురు యువకుల ఉదంతాన్ని, అటువంటి మరికొన్నింటిని 1977లో వి.ఎం. తార్కుండే నాయకత్వంలోని నిజనిర్ధారణ కమిటీ వెలికి తీసింది. ఆపై ప్రభుత్వం నియమించిన భార్గవ కమిషన్ ముందు న్యాయవాది కె.జి. కన్నబిరాన్ వాదించారు గాని, ఆ విచారణ చివరిదాకా సాగలేదు. తరువాతి దశాబ్దాల్లో సంఘం చెల్లించిన మూల్యం తక్కువది కాదు: 1985లో వరంగల్‌లో డాక్టర్ రామనాథం, 1991లో న్యాయవాది నర్రా ప్రభాకరరెడ్డి, 2000లో పురుషోత్తం హత్యకు గురయ్యారు. అయినా సంఘం ఫిర్యాదుపై జాతీయ మానవహక్కుల కమిషన్ విచారణ జరిపి, 1997 మార్చిలో ఎదురుకాల్పుల మరణాలపై పాటించవలసిన పద్ధతిని అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకు తెలియజేసింది.

2006 జూలైలో నల్లమలలో ఎనిమిది మంది మరణించిన ఘటనపై వేసిన వ్యాజ్యంలో, 2009 ఫిబ్రవరి 6న హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం హక్కుల సంఘాల వాదనను దాదాపు యథాతథంగా ఆమోదించి, కాల్చినవారిపై కేసు నమోదు చేసి తీరాలనీ, ఆత్మరక్షణను కోర్టులోనే తేల్చుకోవాలనీ చెప్పింది. పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లగా తీర్పు అమలు వెంటనే ఆగిపోయింది; పదేళ్ల తరువాత 2019 జూలైలో ఆ తీర్పే రద్దయింది. ఈలోగా మహారాష్ట్రకు సంబంధించి పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ నడిపిన వ్యాజ్యంలో 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన 16 మార్గదర్శకాలు ఎఫ్‌ఐఆర్‌ను, స్వతంత్ర దర్యాప్తును తప్పనిసరి చేసినా, ఆ ఎఫ్‌ఐఆర్‌లో నిందితులు ఎవరన్నది మాత్రం చెప్పలేదు. హైకోర్టు తీర్పు రద్దయిన ఆ ఏడాది డిసెంబరులోనే తెలంగాణలోని చటాన్‌పల్లి వద్ద, పోలీసుల అదుపులో ఉన్న నలుగురు కాల్పుల్లో మరణించారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ పోలీసుల కథనాన్ని తోసిపుచ్చి, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని 2022లో సిఫారసు చేసింది.