పట్టిసం జనం, వారి పనీపాటూ

పట్టిసీమ అనగానే గోదావరి నడుమ కొండ, దానిపై వీరేశ్వరస్వామి, భావనారాయణస్వామి ఆలయాలు, శివరాత్రి తీర్థం అందరికీ గుర్తుకు వస్తాయి. మా వైపు వారు పట్టిసం అంటారు. పడవ దిగి దర్శనం చేసుకుని వెళ్లేవారికి ఒడ్డున ఒక ఊరున్నదన్న ధ్యాస తక్కువ. ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమన్నప్పుడు ఆ ఊరి జనం సంగతే వ్రాయాలనిపించింది. పోలవరం ప్రాంతంలో గుమాస్తాగా ఉండగా రెండు జనాభా లెక్కల కాగితాలు నా చేతుల మీదుగా నడిచాయి.

1981లోను, 1991లోను పద్ధతి ఒకటే. ఫిబ్రవరి 9 నుండి 28 వరకు ఇంటింటికీ తిరిగి, మార్చి 1 సూర్యోదయానికి లెక్క ఖాయం చేసేవారు. పనికి కొలబద్ద 183 రోజులు. ఏడాదిలో అన్ని రోజులు పని చేస్తే మెయిన్ వర్కరు, తగ్గితే మార్జినల్ వర్కరు. ఆపైన సొంత సేద్యమా, వ్యవసాయ కూలీయా, ఇంటి పరిశ్రమా, మరొకటా అని గళ్లు. నెలజీతగాళ్లమైన మన బోటి వారికి ఈ గళ్లు చక్కగా అమరుతాయి.

గోదావరి ఒడ్డు మనిషికి ఏ గడి? వానాకాలం ఎర్రనీరు దిగితే లంకల్లో పని ఉండదు. నీరు తీసి వండ్రు ఆరాక కూరగాయలు, అపరాలు, లంక పొగాకు. కార్తీకంలో, శివరాత్రికి పడవ వేయడమో, కొబ్బరికాయల దుకాణమో. కొందరు మెట్టకు పోయి వర్జీనియా పొగాకు బ్యారన్ల దగ్గర కూలి చేసేవారు. చేపల వేట సరేసరి. ఒకే మనిషి ఏడాదిలో నాలుగు పనులు చేసినా కాగితం మీద ఒకటే గడి నిండేది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద పోయింది. అటువంటి ఏడు లంక రైతు కూడా కూలికి పోవలసిందే.

కరణాలు 1984లో పోయారు. వారి అడంగలు చూస్తే ఏ సర్వే నంబరులో ఏ పంట ఉన్నదో తెలిసేది గాని, అందులో నడుము వంచినది ఎవరో తెలిసేది కాదు.

ఆడవారి సంగతి మరీ అన్యాయం. వల అల్లేది, చేపలు బుట్టకెత్తి ఊళ్లు తిరిగి అమ్మేది, పాడి చూసేది వారే. ఇంటాయనను అడిగితే "ఏ పనీ లేదండి, ఇంట్లోనే ఉంటాదండి" అనేవాడు. 1991లో ఆ ప్రశ్నకు ఒక ముక్క చేర్చారు: సొంత పొలంలోను, కుటుంబ వృత్తిలోను జీతంలేని పని కూడా కలిపి చెప్పాలని. నా దృష్టిలో ఆ లెక్కలన్నింటిలోకీ మంచి మార్పు అదే. కాని ఆ ఏడు శివరాత్రి లెక్కల రోజుల్లోనే పడింది. పడవలవాళ్లు చీకటిపడితే గాని ఇంట దొరికేవారు కారు, ఆడవారు దుకాణాల దగ్గర. చేర్చిన ముక్క చదివి వినిపించే తీరిక ఎందరికి ఉంటుంది?

2015లో ఎత్తిపోతల పథకం వచ్చింది. 24 పంపులు, సుమారు 8,500 క్యూసెక్కులు. పోలవరం కుడికాలువ గుండా గోదావరి నీరు కృష్ణకు చేరింది. 2022లో ఊరు ఏలూరు జిల్లాలో చేరింది. 2021లో జరగవలసిన లెక్క మాత్రం కోవిడ్ వల్ల నిలిచిపోయింది. దాని బదులు జరిపే లెక్కకు 2027 మార్చి 1 తేదీగా ప్రకటించారు.

మన సభ్యుల పిల్లలలో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. లెక్కల డ్యూటీ ఎక్కువగా వారికే పడుతుంది. ఇంటాయన చెప్పినది వ్రాసుకుని లేచి రాకుండా, ఆ ఇల్లాలిని కూడా పిలిచి అడగమని వారికి చెప్పండి.