కోడి కాలికి కడియం

ఫ్రాన్సులో బ్రెస్ అని ఒక సీమ ఉంది. దాని పేరు నిలబెట్టింది రాజులు కాదు, కోళ్లు! నవ్వకండి. రెండు డజన్ల బలిసిన పుంజుల్ని ఒక ప్రభువుకి కానుకగా ఇచ్చారని 1591లోనే అక్కడి బూర్-ఆన్-బ్రెస్ పట్టణపు దస్తరాల్లో రాసుకున్నారు.

తెల్లటి ఈకలు, ఎర్రటి జుట్టు, నీలి కాళ్లు. అచ్చం ఆ దేశపు జెండా రంగులే. ఈ కోళ్లను మాంసం కోసమే పెంచుతారు. ఒక్కో కోడికి కనీసం 10 చదరపు మీటర్ల పచ్చిక ఉండాలి. అక్కడ పురుగూ పుట్రా ఏరుకు తింటుంది. పైగా మొక్కజొన్న, పాలు పెడతారు. కోతకు రావాలంటే దాదాపు నాలుగు నెలలు ఓపిక పట్టాల్సిందే.

పేరుంటే నకిలీలు రాకుండా ఉంటాయా? అందుకే 1936లో కోర్టు ఆ సీమకు హద్దులు గీసింది. 1957లో ఏకంగా చట్టమే వచ్చింది. హద్దు బయట పెరిగిన కోడిని ఆ పేరుతో అమ్మకూడదు.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం చట్టం కాదు. ఆ రైతుల ఇళ్లల్లో కోళ్ల పని తరతరాలుగా ఆడవాళ్లదే. మేత కలపడం, గూళ్లు కడగడం, పిల్లల్ని కాపాడడం అన్నీ వాళ్లే. క్రిస్మస్‌కి కోసిన పుంజును ఈకలు పీకి, తెల్లగుడ్డలో చుట్టి, బిగించి కుట్టేవారు. అలా కుడితే కొవ్వు కండలోకి చక్కగా దిగుతుందట. పొగడ్తలు మాత్రం వండినవారికీ, తిని పుస్తకాలు రాసినవారికీ దక్కాయి.

ఇప్పుడు ప్రతి కోడి కాలికీ పెంచినవారి పేరుతో ఒక కడియం వేస్తున్నారు. ఆ పద్ధతి 1591లోనే ఉండుంటే, ఎందరు ఇల్లాళ్ల పేర్లు మనకు తెలిసేవో!