ఎగ్మూర్‌లో మన కృష్ణాతీరం



తరాలుగా మద్రాసులో ఉంటున్నాం. తెలుగువాళ్ళ చరిత్ర అంటే సెలవులకు వెళ్ళే ఊళ్ళవైపు ఎక్కడో ఉంటుందని మన పిల్లలు అనుకుంటున్నారు. అందులో గొప్ప భాగం ఎగ్మూర్‌లోనే ఉంది.

1851లో మొదలైన ప్రభుత్వ మ్యూజియం 1854లో పాంథియన్ ఆవరణకు మారింది. ఇంటిల్లిపాదీ వెళ్ళినప్పుడు ముందు అమరావతి శిల్పాల దగ్గరే ఆగుదాం. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ కృష్ణ ఒడ్డున ఉన్న ఆ స్తూపాన్ని తవ్వించి, రాళ్ళను మద్రాసుకు పంపించాడు. వాటిలో చాలావాటిని 1859లో లండన్‌కు తరలించారు. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తర్వాతి తవ్వకాల్లో దొరికిన రాళ్ళు అనేకం ఎగ్మూర్‌కు చేరాయి.

పిల్లలకు నలగిరి ఏనుగు శిల్పం తప్పక చూపించాలి. గుండ్రటి ఒకే రాతిలో మదమెక్కిన ఏనుగు ఒకవైపు జనాన్ని తొక్కుతుంటుంది, మరోవైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. పైనుంచి ఆడవాళ్ళు తొంగి చూస్తుంటారు. ఆ కథ అర్థం కావడానికి చదువు అక్కర్లేదు, పక్కన తెలుగులో చెప్పే తాతయ్యో అమ్మమ్మో ఉంటే చాలు. అమరావతి రాతి మీదే వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 'నాగబు' అనే మాటను గుర్తించారు. మనకు దొరికిన తొలి తెలుగు మాట అదేనని పలువురు పండితులు చెబుతారు.

మన ఇళ్ళలో తెలుగు చదవగలిగే పిల్లలు తగ్గిపోతున్నారు. బడిలో లేని పాఠాన్ని మనమే చెప్పాలి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. వేరే రోజు చూసుకుని పెద్దవాళ్ళను కూడా వెంటబెట్టుకుని బయలుదేరండి.