రానూపోనూ టికెట్టు పుట్టిన కథ

కీసర టోల్‌గేటు దగ్గర జాతీయ రహదారి రెండు విమానాశ్రయాలకు దారి. పడమటికి పోతే శంషాబాదు, తూర్పుకి పోతే గన్నవరం. అమెరికాలో కూతురి పురిటికి వెళ్లే అమ్మలూ, సింగపూరు చూసి రావాలని బయల్దేరిన రిటైర్డ్ మేష్టార్లూ ఈ దారిన పోతుంటారు. పెట్టెల్లో పచ్చళ్లు, కారప్పొళ్లు ఉంటాయి. చేతిసంచిలోని ప్లాస్టిక్ కవర్లో పాస్‌పోర్టు, వీసా, రానూపోనూ టికెట్టు ఉంటాయి. వెళ్లడానికి టికెట్టు కావాలంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఇంకా గడప దాటకముందే తిరిగొచ్చే టికెట్టు ఎందుకు చూపించాలన్నది మాత్రం చాలామందికి అంతుపట్టదు. దానికి జవాబు నూట అరవై ఏళ్ల చరిత్రలో ఉంది. ఆ చరిత్రలో తెలుగువాళ్లు మొదటినుంచీ ఉన్నారు.

మన పెద్దల కాలంలో సముద్రం దాటడానికి ఇన్ని కాగితాలు అక్కర్లేదు. గోదావరి, విశాఖ తీరాల కూలీలు కోరంగి రేవు నుంచీ, తర్వాత కాకినాడ, విశాఖ నుంచీ స్టీమరు డెక్కు మీద కూర్చుని రంగూన్ వెళ్లేవాళ్లు. అక్కడ నాలుగు రాళ్లు సంపాదించుకుని ఇంటికి వచ్చేవాళ్లు. బర్మాలో వాళ్లకు కోరంగీలనే పేరు పడింది. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి రంగూన్ ప్రయాణానికి పాస్‌పోర్టు, వీసాల ఊసే లేదు. విడిపోయాక 1941లో రెండు ప్రభుత్వాలూ వలసల మీద ఒప్పందం రాసుకున్నాయి. పనికోసం సముద్రం దాటే కూలీ ముందు అలా కాగితాల గోడ లేచింది.

తిరుగు ప్రయాణాన్ని చట్టంలోకి ఎక్కించింది మాత్రం అంతకు ముందే, చెరకు తోటల యజమానుల కోసం. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. నేటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలను తెచ్చిన మొదటి ఓడ అదే. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. అయిదేళ్లు ఒప్పందం మీద పనిచేసి, మరో అయిదేళ్లు అక్కడే ఉంటే, ఇంటికి వెళ్లే ఓడ ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంటుందన్నది షరతు. ఫిజీలోనూ పదేళ్లయితే తిరుగు ప్రయాణం ఉచితమే. పైకి ఇది కూలీకి దక్కిన సదుపాయం. తెల్ల దొరలు కోరుకున్నది మాత్రం పని అయ్యాక కూలీ వెళ్లిపోవడం. చాలామంది అక్కడే నిలబడి సొంత వ్యవసాయాలు, వ్యాపారాలు మొదలుపెట్టేసరికి 1895లో నేటాల్ ప్రభుత్వం చట్టం తెచ్చింది. ఒప్పందం ముగిసినవాళ్లు ఇంటికైనా పోవాలి, మళ్లీ ఒప్పందమైనా రాయాలి, లేదా ఏటా 3 పౌన్ల పన్ను కట్టాలి. నెలంతా ఒళ్లు వంచినా పౌను కళ్లజూడటమే కష్టమైన వాళ్లకు అది మోయలేని బరువు. 1913లో గాంధీ నడిపిన సత్యాగ్రహంలో ఈ పన్ను రద్దు ముఖ్యమైన డిమాండు. 1914లో అది రద్దయింది. తిరిగి వెళ్లనందుకు మనిషి మీద పన్ను వేసిన కాలం అది.

టికెట్టునే సరిహద్దు గోడగా మార్చింది కెనడా. 1908లో ఒక ఉత్తర్వు ఇచ్చింది. కెనడాకు వచ్చేవాళ్లు పుట్టిన దేశంలోనే టికెట్టు కొని, మధ్యలో ఎక్కడా ఆగకుండా రావాలన్నది దాని సారం. భారతీయులని పేరు పెట్టి ఆపితే సామ్రాజ్యంలో గొడవ అవుతుంది కాబట్టి టికెట్టు పేరు పెట్టి ఆపారు. 1914 మే 23న కొమగాట మారు అనే ఓడ 376 మంది భారతీయులతో వాంకూవర్ చేరింది. అది నేరుగా మన దేశం నుంచి కాక హాంకాంగ్ నుంచి వచ్చింది కాబట్టి ఆ ఉత్తర్వు అడ్డం పడింది. కొద్దిమందిని తప్ప ఎవరినీ దిగనివ్వలేదు. రెండు నెలలు రేవులోనే నిలబెట్టి జులై 23న వెనక్కి పంపారు. కలకత్తా దగ్గర బడ్జ్ బడ్జ్ చేరాక పోలీసు కాల్పుల్లో ప్రయాణికులు చనిపోయారు. ఓడను వెనక్కి పంపినందుకు కెనడా ప్రధాని తమ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2016లో.

మొదటి ప్రపంచ యుద్ధం పాస్‌పోర్టును అందరికీ తప్పనిసరి చేసింది. యుద్ధం ముగిశాక 1920లో నానాజాతి సమితి పారిస్‌లో సమావేశం పెట్టి, అన్ని దేశాల పాస్‌పోర్టులూ 32 పేజీల పుస్తకంగా ఉండాలని సిఫారసు చేసింది. అదే ఏడు మన దేశంలోకి వచ్చేవాళ్లకూ పాస్‌పోర్టు చట్టం వచ్చింది. 1924లో అమెరికా వలస చట్టం రెండు పనులు చేసింది. చుట్టపుచూపుగా, వ్యాపారం మీద, సరదాగా వచ్చేవాళ్లను వలస వచ్చేవాళ్ల నుంచి వేరు చేసింది. ఇవాళ్టి బి1, బి2 వీసాల మూలం అక్కడ ఉంది. వీసా లేనివాణ్ని తెచ్చిన ఓడ కంపెనీకి తలకి 1000 డాలర్ల జరిమానా వేసింది. దాంతో సరిహద్దు కాపలా రేవులో అధికారి దగ్గర్నుంచి టికెట్టు అమ్మే కంపెనీ చేతిలోకి కూడా వచ్చింది.

విమానాల కాలంలో ఇది ప్రపంచ నియమమైంది. 1944లో షికాగోలో కుదిరిన పౌర విమానయాన ఒప్పందానికి 1949లో తొమ్మిదో అనుబంధం చేరింది. ఏ దేశమైనా ప్రయాణికుణ్ని లోపలికి రానివ్వకపోతే, తెచ్చిన విమాన సంస్థే వెనక్కి తీసుకుపోవాలన్న బాధ్యత ఆ దారిన స్థిరపడింది. ఆ ఖర్చు నెత్తిన పడకుండా సంస్థలు బయల్దేరే చోటే కాగితాలు చూడటం మొదలుపెట్టాయి. ఏ దేశానికి ఏ కాగితం కావాలో చెప్పే టిమాటిక్ అనే సమాచార వ్యవస్థ 1963లో వచ్చింది. శంషాబాదు కౌంటర్లో అమ్మాయి మన పాస్‌పోర్టు చూసి, కంప్యూటర్‌లో ఏదో చదివి ‘రిటర్న్ టికెట్ చూపించండి’ అని అడిగేది అందుకే. మనల్ని అనుమానించడం ఆమె ఉద్దేశం కాదు. మనల్ని వెనక్కి పంపిస్తే ఆ భారం ఆమె సంస్థ మీద పడుతుంది.

మన దేశం నుంచి బయటికి వెళ్లే హక్కు కూడా పోరాడి తెచ్చుకున్నదే. 1967 దాకా పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం ప్రభుత్వం ఇష్టం. ఒక వ్యాపారి తన పాస్‌పోర్టులు వెనక్కి ఇమ్మన్న ఉత్తర్వును ఎదిరించి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1967 ఏప్రిల్ 10న అయిదుగురి ధర్మాసనం ముగ్గురి మెజారిటీతో తీర్పిచ్చింది. విదేశాలకు వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా దాన్ని ఆపలేరని చెప్పింది. ఆ తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు, మన రాజమండ్రి మనిషి. ఆ తర్వాత కొద్ది నెలల్లోనే పాస్‌పోర్టు చట్టం వచ్చింది. అయితే ఆ తీర్పు మన గడప దాటే హక్కునే ఇవ్వగలిగింది. అవతలి గడప తొక్కనివ్వడం అవతలి దేశం చేతిలోనే ఉండిపోయింది.

ఆ అవతలి దేశాల ఆలోచన నేటికీ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది: ఈ మనిషి తిరిగి వెళ్తాడా? అమెరికా 1952 నాటి వలస చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, పర్యాటక వీసా అడిగిన ప్రతివాణ్నీ ముందు వలస వచ్చేవాడిగానే లెక్కేస్తారు. కాదని రుజువు చేసుకోవాల్సింది మనమే. అందుకే అక్కడ టికెట్టు కన్నా పట్టాదారు పాసుపుస్తకం, పెన్షను, ఇక్కడి కుటుంబం ఎక్కువ మాట్లాడతాయి. యూరప్ షెన్‌గెన్ దేశాలు ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండనిస్తాయి. తిరుగు ప్రయాణ బుకింగు, 30,000 యూరోల వైద్య బీమా అడుగుతాయి. 2023 డిసెంబరు 1 నుంచి మలేషియా మనవాళ్లను 30 రోజులకు వీసా లేకుండా రానిస్తోంది, కానీ తిరుగు టికెట్టు చూపించమంటుంది. వీసా తీసేసిన చోట దాని పని టికెట్టు చేస్తోంది.

కూలీని వెళ్లగొట్టడానికి పుట్టిన ఆలోచన యాత్రికుడి దగ్గరకు చేరింది. ఇందులో పాత అన్యాయపు నీడ ఉంది. సొంత డబ్బుతో బిడ్డను చూడబోయే తల్లి తాను తిరిగొస్తానని పరాయి అధికారికి రుజువు చేసుకోవాల్సి రావడం బాధాకరమే. అయినా ఆ నియమాన్ని దొంగ కాగితంతో దాటాలనుకుంటే నష్టపోయేది మనమే. అమెరికా వీసా చేతికి రాకముందు డబ్బు వాపసు రాని టికెట్టు కొనకండి. ఏజెంటు ఇచ్చే డమ్మీ టికెట్టును నమ్మకండి, పీఎన్ఆర్ నంబరుతో దాని బండారం కౌంటర్లోనే బయటపడుతుంది. వీసా మీద పదేళ్లు రాసి ఉన్నా, అమెరికాలో ఒక్కో రాకకు ఉండనిచ్చేది మామూలుగా ఆరు నెలలే. దిగిన తర్వాత ఐ-94 అనే రాక నమోదు పత్రంలో పడిన గడువు తేదీ చూసుకుని, అంతకు ముందే తిరుగు టికెట్టు ఉండేలా చూసుకోండి. 180 రోజులకు మించి అదనంగా ఉండిపోతే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ రానివ్వరు. మనవడి ముఖం మళ్లీ మళ్లీ చూడాలంటే, ఇచ్చిన గడువులోగా ఇల్లు చేరండి.